నీరుగొబ్బిని గుర్రపుడెక్కతో కలిపి పీకేయకండి

హైదరాబాద్ చెరువుల ఒడ్డున పెరిగిన పిచ్చిమొక్కలన్నీ తీసేసి పచ్చిక పరచాలని ఈమధ్య ఒక వ్యాసంలో రాశారు, తీసేయాల్సిన వాటిలో గుర్రపుడెక్కనూ నీరుగొబ్బినీ కలిపి చెప్పారు. గుర్రపుడెక్క గురించి అన్నది అక్షరాలా నిజం. దక్షిణ అమెరికా నుంచి వచ్చి నీళ్లను కప్పేసే మొక్క అది, పోవాల్సిందే. కానీ అదే జాబితాలో నీరుగొబ్బిని చేర్చడం అన్యాయం. ఇది మన నేల మొక్క. బురద అంచుల్లో, కాలువ పక్కన తన మానాన తాను బతుకుతుంది.

ఒక్కసారి దగ్గరకు వెళ్లి కణుపు చూడండి. చుట్టూ ఆరు నిటారు ముళ్లు, వాటి మధ్య ఆకుల గుత్తిలో రెండు పెదవుల ఊదారంగు పూలు. గింజను తడి వేలి మీద పెడితే జిగురు పట్టి అతుక్కుపోతుంది. ఆయుర్వేదంలో కోకిలాక్షం అనేది దీన్నే. జునోనియా ప్రజాతి సీతాకోకచిలుకలు కొన్ని (ఎంత అందమైనవో!) దీని ఆకుల మీద గుడ్లు పెడతాయి.

ఏకవార్షికం కాబట్టి దీని వంశమంతా గింజలోనే ఉంది. వానలకు పెరిగి, చలికాలంలో పూసి, ఎండలకు ఎండిపోతుంది. మా కాలనీ పక్క చెరువు ఒడ్డును సరిగ్గా పూత మీదుండగా యంత్రంతో గీకించారు. మరుసటి ఏడు అక్కడ వయ్యారిభామ (పార్థీనియం) కలుపే లేచింది. నగర శివారులోని అమీన్‌పూర్ చెరువుకు 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా గుర్తింపునిచ్చారు. మిగతా చెరువులకు అంత అడగను, గింజ రాలేదాకా, కనీసం ఫిబ్రవరి దాటేదాకా ఒడ్డు జోలికి వెళ్లకండి.