అతిథి దేవుడే, గుడారం దగ్గరే పేచీ

మన తెలుగు నేల మీద బండేసుకుని తిరిగేవాడికి ఆదరణ లేదని ఈమధ్య కొందరు కుర్రాళ్లు వాపోతున్నారు. ఆ అపవాదును ఖండించడానికే ఈ వ్యాసం. పదేళ్లుగా వెనక సీటు మీద ఒక టెంటు, ఒక దుప్పటి, ఒక చిన్న స్టవ్వు కట్టుకుని ఇచ్ఛాపురం నుంచి ఆదిలాబాద్ దాకా తిరిగినవాడిగా పూర్తి బాధ్యతతో చెబుతున్నాను: ఇంతటి ఆదరణ భూమ్మీద ఇంకెక్కడా ఉండదు. టీకొట్టు ముందు బండి ఆపి, హెల్మెట్ తీసి, చెవుల్లో హోరు తగ్గేలోపు చుట్టూ ఆరుగురు చేరని ఊరు నాకింకా తగల్లేదు.

ఈ స్వాగతానికి ఒక పద్ధతుంది. ముందు బండిని పలకరిస్తారు. "ఎంతిస్తది?" అంటారు. ముప్పై అయిదు అంటాను. వెంటనే అందరి మొహాల్లోనూ నా మీద నిజమైన జాలి. "మా బామ్మర్ది బండి డెబ్భై ఇస్తది" అని ఒకాయన ఓదారుస్తాడు. రేటు అడుగుతారు. చెబితే, ఆ డబ్బుకి పాత కారు వచ్చేది కదా అంటారు. ఆ తర్వాత నా వంతు. ఏ ఊరు, ఏం చేస్తారు, ఒక్కరే వచ్చారా, ఇంట్లో చెప్పే వచ్చారా, మీరేవిట్లు. ఇవన్నీ దాటాక టీ చేతికొస్తుంది. ఒక్కోసారి డబ్బులు కూడా పుచ్చుకోరు. ఇంతవరకు మన ఆతిథ్యానికి వంక పెట్టేవాడికి కళ్లు పోతాయి.

పేచీ అంతా వెనక కట్టిన మూట దగ్గర.

"అదేంటండీ?"

"టెంటండీ."

"టెంటా? పెళ్లెవరిదండీ?"

తప్పు అడిగినాయనది కాదు. మన దగ్గర టెంటు అంటే టెంట్ హౌస్ వాడు ట్రాలీ ఆటోలో తెచ్చి, గడలు పాతి, రంగుల గుడ్డ బిగించి, కింద ప్లాస్టిక్ కుర్చీలు వేసి పోయేది. ఇంటి ముందు టెంటు లేచిందంటే ఆ ఇంట్లో పెళ్లయినా ఉండాలి, చావైనా ఉండాలి. ఎమ్మార్వో ఆఫీసు ముందు లేచిందంటే రిలే నిరాహార దీక్ష. ఖాళీ జాగాలో లేచిందంటే కబ్జా. ఈ నాలుగూ కాక అయిదో పని ఒకటుందని, అంటే ఒక మనిషి అందులో దూరి నిద్రపోతాడని నమ్మించడం ఇంతవరకు నా వల్ల కాలేదు. నిద్రకి ఇల్లుంది. ఇల్లు లేనివాడికి బస్టాండు ఉంది. రెండూ కాదని ఊరి బయట గుడ్డ సంచిలో దూరేవాణ్ని పెద్దమనిషి అని ఎవరు మాత్రం ఎలా అనుకుంటారు?

కబ్జా సంగతి కాస్త వివరంగా చెప్పాలి. మహబూబ్‌నగర్ వైపు, హైవే నుంచి అరకిలోమీటరు లోపల, మంచి చదునైన నేల కనిపించింది. గడ్డి, రెండు వేపచెట్లు, దూరంగా చెరువు. మనిషి లేడు. తెల్లరంగు వేసిన చిన్న రాళ్లు వరసగా పాతి ఉన్నాయి. చీకటి పడుతోంది కాబట్టి వాటి మీద నంబర్లు నేను చూసుకోలేదు. టెంటు వేసి, స్టవ్వు మీద నీళ్లు పెట్టానో లేదో, స్కూటీ మీద ఒకాయన దిగాడు.

"ఎవలు పంపిన్రు నిన్ను?"

ఎవరూ పంపలేదు, నేనే వచ్చానన్నాను. అది వెంచరట. నా తల 41వ నంబరు ప్లాటులోనూ కాళ్లు 42లోనూ ఉన్నాయట. 42 ఆయనది. 41 వాళ్ల దోస్తుది, అతను డాలస్‌లో ఉంటాడు. అప్పటికప్పుడు వీడియో కాల్ చేసి, ఫోను నా వైపు తిప్పాడు. "అన్నా, నీ ప్లాట్ల ఎవడో టెంటేసిండు, చూడు."

డాలస్ అన్న నన్ను చూశాడు. టెంటు చూశాడు. మొహం వెలిగిపోయింది. "బ్రో, అది టూ పర్సనా? వాన ఆగుతదా? మేం గూడ లాంగ్ వీకెండ్‌కు క్యాంపింగ్ పోతం. ఈడ సైటుకు ముప్పై డాలర్లు కట్టాలె, అదీ ముందే బుక్ చేసుకోవాలె." పావుగంట మాట్లాడుకున్నాం. ఎలుగుబంట్లు వస్తాయని తిండి కారులో పెట్టి తాళం వేసుకుంటామని చెప్పాడు. చెట్ల కింద పడుకుంటే మనసుకి ఎంత హాయో చెప్పాడు. చివర్లో గొంతు తగ్గించి, "ఏమనుకోకు బ్రో, జెర అది తీసెయ్. నిన్ను చూసి రేపు ఇంకోడు వేస్తడు" అన్నాడు. తీశాను. 42 ఆయన దగ్గరుండి నా మేకులు పీకించాడు. బండి స్టార్ట్ చేస్తుంటే అడిగాడు, ఎంతిస్తది అని.

ఇక రోడ్లు. పంట చేతికొచ్చే రోజుల్లో పల్లెటూళ్ల మీదుగా వెళ్లి చూడండి. తారురోడ్డులో సగం బండ్లకి, సగం వడ్లకి. దీన్ని కూడా కొందరు తప్పు పడతారు. కళ్లం లేని రైతు వడ్లు ఎక్కడ పోసుకుంటాడు, మీ బండి సీటు మీదా? కాకపోతే కుప్ప చుట్టూ రాళ్లు పేరుస్తారు, రాత్రి నల్ల టార్పాలిన్ కప్పుతారు. నల్ల రోడ్డు మీద నల్ల టార్పాలిన్, దాని అంచున నల్లరాళ్లు. ఆ రాత్రంతా రైతు కుప్ప పక్కనే రోడ్డు మీద మంచం వేసుకుని పడుకుంటాడు. ఆకాశం, నక్షత్రాలు, చల్లగాలి. ఆయన్ని ఎవరూ ఎవరు పంపారని అడగరు. మన దేశంలో అసలు సిసలు క్యాంపర్ ఆయనే అనిపించి, ఒకసారి ఒకాయన పక్కన పుంతలో నేనూ టెంటు వేసుకుంటానని అడిగాను. "ఇక్కడొద్దు బాబూ, లారీలు తిరుగుతాయి" అని నాకు బుద్ధి చెప్పి, తను ముసుగు తన్నాడు.

జాతీయ రహదారుల మీద ద్విచక్ర వాహనానికి టోల్ లేదు. ఇది గొప్ప గౌరవమే. ఆ గౌరవం హైదరాబాద్ ఔటర్ దగ్గరికొచ్చేసరికి ఇంకా ముదిరి, 158 కిలోమీటర్ల పొడవునా మాకు అసలు ప్రవేశమే లేకుండా చేసింది.

ఏజెన్సీలోనైతే స్వాగతం మరీ ఘనం. గంజాయి రవాణా మీద నిఘా ఉండే దారులు కదా, వెనక పెద్ద సంచులు కట్టుకుని ఒంటరిగా కొండ దిగుతున్నవాణ్ని చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. ఒక చెక్‌పోస్టు దగ్గర నా సామానంతా రోడ్డు పక్కన ఎగ్జిబిషన్ పెట్టించారు. టెంటు కడ్డీలు విప్పించారు, గొట్టాల్లోకి తొంగి చూశారు. గ్యాస్ డబ్బా ఊపి చూశారు. ఒక పొట్లం వాసన చూసి, "ఏంటీ పొడి?" అన్నారు.

"కాఫీ సార్. అరకుది."

"మామూలు కాఫీయేనా?"

"మామూలుది కాదు సార్, 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది."

"దాని గుర్తింపు సంగతి తర్వాత. నీ గుర్తింపు కార్డు చూపించు."

చూపించాను. అంతా సక్రమమేనని తేలింది. టెంటు అనే వస్తువు ఒకసారి విప్పాక మళ్లీ దాని సంచిలోకి పోదని వాడేవాళ్లందరికీ తెలుసు. అది లోపల పట్టేలా కుట్టినవాడు ఒక్కడే, వాడు ఫ్యాక్టరీలోనే ఉండిపోయాడు. నేను గుడ్డ చుడుతుంటే యూనిఫాంలో ఉన్న ఒక కుర్రాడు జాలిపడి వచ్చి మోకాలు పెట్టి అదిమాడు, నేను జిప్పు లాగాను. అది తెగింది. ఇద్దరం కలిసి తాడుతో కట్టాం. చెమట తుడుచుకుంటూ అతను బండి వైపు చూశాడు. నేనే ముందు చెప్పేశాను, ముప్పై అయిదని.

నల్లమల విషయంలో మాత్రం నాకు ఏ ఫిర్యాదూ లేదు. హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్లే దారిలో మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి 9కి మూసేసి పొద్దున 6కి తెరుస్తారు. నేను 9 గంటల 10 నిమిషాలకి చేరాను. లోపల అమ్రాబాద్ టైగర్ రిజర్వు. పులికి రిజర్వేషన్ ఉంది, నేను వెయిటింగ్ లిస్టు. న్యాయమే. పోనీ గేటు పక్కన టెంటు వేసుకోనా అంటే కాపలా ఆయన తీరిగ్గా ఆలోచించి, "లోపల పులులు, బయట కుక్కలు, మీ ఇష్టం" అన్నాడు. వెనక్కి పోయి ఒక పెట్రోల్ బంకులో లారీల మధ్య పడుకున్నాను. నన్నడిగితే ఈ రాష్ట్రాల్లో అధికారికంగా ప్రకటించని క్యాంపింగ్ గ్రౌండ్లు పెట్రోల్ బంకులే. నీళ్లుంటాయి, లైటుంటుంది, టాయిలెట్టు కూడా ఉంటుంది. తాళం మేనేజరు దగ్గర ఉంటుంది. మేనేజరు భోజనానికి వెళ్లి ఉంటాడు.

మరి గండికోటలో, లంబసింగిలో, వంజంగిలో టెంట్లే టెంట్లు కదా, అవేంటి అని మీరు అడగొచ్చు. అవి అద్దె టెంట్లు. తేడా గమనించాలి. సొంత టెంటు వేసేవాడు అనుమానితుడు, అద్దె టెంటులో దూరేవాడు టూరిస్టు. చలికాలంలో ఒక కొండ మీద, ఊరు పేరు వద్దులెండి, ఇద్దరు కుర్రాళ్లు నాకు దారి అడ్డం వచ్చారు.

"సొంత టెంటు వేయనివ్వం సార్. మా టెంటే తీసుకోవాలి."

"నా దగ్గర ఉంది కదా తమ్ముడూ."

"ఉంటే మా టెంటులో పెట్టుకోండి."

పెట్టుకున్నాను. ఆ రాత్రి నా టెంటు జీవితంలో మొదటిసారి టెంటులో పడుకుంది. నేను దాని పక్కన పడుకున్నాను. పడుకున్నాను అనడం మర్యాద కోసం. ఈ టెంటు తాడు ఆ టెంటుకి తగిలేలా వరసగా యాభై టెంట్లు, మధ్యలో మంట, మంట చుట్టూ బొంగులో చికెన్, దాని మీద నుంచి స్పీకర్లు. ప్రకృతి ఒడిలో ప్రశాంతంగా గడపండి అని బోర్డు ఉంది. ఆ బోర్డుకే సీరియల్ బల్బులు చుట్టారు, పాటకి తగ్గట్టు వెలిగి ఆరుతున్నాయి.

చింతపల్లి మండలంలోని లంబసింగికి కొర్రబయలు అని ఇంకో పేరుంది. బయట పడుకున్నవాడు తెల్లారేసరికి కొర్రలా, అంటే కర్రలా బిగుసుకుపోతాడని ఆ పేరు వచ్చిందంటారు. ఆరుబయట పడక గురించి పెద్దవాళ్లు అంత స్పష్టంగా తీర్పు చెప్పి, ఊరికే పేరుగా పెట్టి పోయారు. దాన్ని చదివి వెనక్కి తిరగాల్సింది పోయి, ఆ చలి కోసమే డబ్బు కట్టి వెళ్తున్నాం.

పూర్వం ఇలా లేదా అంటే, 'కాశీయాత్ర చరిత్ర' రాసిన ఏనుగుల వీరాస్వామయ్యగారు ఉన్నారు. 1830 మే 18న చెన్నపట్నంలో బయలుదేరి, కడప, శ్రీశైలం, హైదరాబాద్ మీదుగా కాశీ దాకా పోయి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరారు. ప్రతి మజిలీలోనూ నీళ్లున్నాయా, అంగళ్లున్నాయా, దిగడానికి చోటుందా అని రాసిపెట్టారు. మనం ఇప్పుడు బయలుదేరే ముందు ఫోనులో వెతుక్కునేవి కూడా సరిగ్గా అవే. కాకపోతే ఆయనకి పల్లకీ, వెంట పరివారం ఉన్నాయి. అంత మందితో దిగినవాణ్ని మీరెందుకొచ్చారని ఎవరడుగుతారు? మనకి అనుమానం ఒంటరివాడి మీదే. గుళ్లున్న ఊళ్లలో లాడ్జీ కౌంటర్ దగ్గర కూడా "ఒక్కరికి రూమ్ ఇవ్వం" అంటారు. ఒకచోట ఆ మాట అన్న పెద్దాయన, మళ్లీ నా మొహం చూసి, కుర్చీ జరిపి, "ఇంట్లో ఏమైనా టెన్షనా బాబూ?" అని మంచినీళ్లిచ్చాడు. రూమ్ మాత్రం ఇవ్వలేదు.

కిందటేడు వానాకాలం. రాజమండ్రి నుంచి మారేడుమిల్లి వెళ్తుంటే గోకవరం దాటే లోపే వాన కుమ్మేసింది. రోడ్డు పక్కన ఒక పెంకుటింటి ముందు మంచి మెరక జాగా. అరుగు మీద మామ్మగారు చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నారు. ఈ రాత్రికి ఇక్కడ గుడారం వేసుకుంటానండీ, పొద్దున్నే పోతానన్నాను.

"వానలో బయట పడుకుంటావేటయ్యా? ఇంటికొచ్చినోణ్ని గుడ్డలో పడుకోబెట్టారని ఊరంతా అనదూ?"

నాకు గుడ్డలో పడుకోవడమే ఇష్టమండీ అని చెప్పిచూశాను. ఆవిడ వినిపించుకోలేదు. లోపల మంచం దులిపించారు, తువ్వాలు ఇచ్చారు, చిక్కుడుకాయ కూర, వేడన్నం, గడ్డపెరుగు. వద్దన్నకొద్దీ వడ్డించారు. ఈలోగా మనవళ్లిద్దరూ మూట విప్పేశారు. సరే అని వరండాలో వేసి చూపించాను. చూపించడమే నా పొరపాటు. ఆ రాత్రి వాళ్లిద్దరూ, వాళ్ల పక్కింటి పిల్లా, ఒక కుక్కపిల్లా అందులో పడుకున్నారు. నేను నడిమింట్లో పట్టె మంచం మీద, దోమతెరలో, అటూ ఇటూ దొర్లుతూ తెల్లార్చాను.

పొద్దున నేను టెంటు మడుస్తుంటే మామ్మగారు కాఫీ తెచ్చి, గుడ్డ అంచు రెండు వేళ్ల మధ్య నలిపి చూశారు. కడ్డీలు లెక్కపెట్టారు.

"దీనికి అద్దె ఎంత తీసుకుంటావు బాబూ?"

"అద్దెకిచ్చేది కాదండీ."

"అలాగంటావేటి. మాఘమాసంలో మా మనవరాలి ఓణీల ఫంక్షను. ఇంకొంచెం పెద్దదుందా? కుర్చీలు కూడా నువ్వే తెస్తావా?"