మా వీధిలో కోటి రూపాయల మొక్క

తిరుపతిలో మా కొర్లగుంట వీధిలోకి పొద్దున్నే చెత్త బండి పాట పెట్టుకుని ఇంటి ముందరికే వస్తాది, తడి చెత్త వేరే పొడి చెత్త వేరే అని నెత్తీ నోరూ కొట్టుకుని చెప్తారు, అయినా సరే మా వాళ్ళకి రాత్రి అన్నాలయినాక కవరు ముడేసి మలుపులో గోడకేసి విసిరితే గానీ తిన్నది అరగదు. 2022 జూలైలో దేశమంతా ప్లాస్టిక్ గ్లాసులు, ప్లేట్లు, స్పూన్లు బ్యాన్ చేసినారు కదా, అవన్నీ మా మలుపులోనే తలదాచుకుంటా ఉన్నాయి.

ఇట్లయితే కాదని మా అసోసియేషన్ ప్రెసిడెంటన్న గ్రూపులో మెసేజ్ పెట్టినాడు, ఆదివారం పొద్దున ఆరింటికి అందరూ రండి, మలుపు క్లీన్ చేసి తోట వేస్తాం అని. సూపరన్నా, మేమున్నామన్నా, దండాలు, చప్పట్లు, గులాబీ పూలు, ఫోను వేడెక్కిపోయింది. ఆదివారం వచ్చింది మాత్రం ప్రెసిడెంటన్న, నేను, గడ్డపార భుజానేసుకుని రిటైర్డ్ హెడ్మాస్టరు గారు, తర్వాత ఎదురింటి చిన్నోడు. మిగతా వీధంతా బాల్కనీల్లో కాఫీ గ్లాసులతో నిలబడి సహకరించినారు. "అన్నా, ఆ మూల రవ్వంత వదిలేసినారు సూడండి" అని ఒకాయన పైనుంచి వేలు చూపిస్తాడే గానీ కిందికి దిగడు.

చిన్నోడు పాపం సార్ చేతిలో గడ్డపార అందుకోబోతే సార్ "నువ్వు పక్కకి పో నాయనా" అని కసిరినారు. ప్రెసిడెంటన్న గబుక్కున అడ్డమొచ్చి "సార్, అనంతాళ్వారు కథ మర్చిపోయినారా" అన్నాడు. మా ఊరోళ్ళకి చెప్పక్కర్లేదు గానీ బయటోళ్ళ కోసం చెప్తున్నా. రామానుజుల వారి శిష్యుడు అనంతాళ్వారు కొండ మీద పూలతోట కోసం చెరువు తవ్వుతా ఉంటే, ఆయన భార్య నిండు గర్భిణి, మట్టి మోస్తా ఉంటే, ఒక పిల్లోడు వచ్చి అమ్మా నేను మోస్తాలే అన్నాడంట. స్వామి సేవలో నీ సాయం ఎవడికి కావాల అని ఈయనకి కోపమొచ్చి గడ్డపార విసిరేస్తే పోయి గడ్డానికి తగిలింది. తీరా చూస్తే ఆ పిల్లోడు సాక్షాత్తూ వెంకన్న. అందుకే స్వామి గడ్డానికి పచ్చకర్పూరం, ఆ గడ్డపార ఇప్పటికీ మహాద్వారం దగ్గర వేలాడతా ఉంది, పోయినప్పుడు తలెత్తి చూడండి. అంటే తోటపనికి తనంతట తాను వచ్చిన వాలంటీరుకే మా ఊళ్ళో గడ్డం పగిలింది, మామూలు మనుషులు బాల్కనీ దిగుతారా చెప్పండి.

సరే ఎట్లనో క్లీన్ చేసినాం. బంతి, మందారం, నందివర్ధనం పెట్టినాం. గోడ మీద పెద్ద నామాలు గీయించినాం, దేవుడి ముందర ఎవడేస్తాడులే అని. నిజంగానే వంకాయ తొడిమెలు, చికెన్ ఎముకలు ఆగిపోయినాయి. వాటి బదులు పగిలిన దేవుడి పటాలు, పాత క్యాలెండర్లు, ఎండిపోయిన దండలు రావడం మొదలైంది. ఎందుకక్కా అంటే "దేవుడి దగ్గరే కదా పెట్టినాం" అంటారు.

పూలు మాకు ఫోటోలో తప్ప కనపడలేదు. తెల్లారకముందే ఎవరో దూసుకుని పోతా ఉంటే ప్రెసిడెంటన్న కాపు కాసి పట్టుకున్నాడు, చూస్తే వాళ్ళ సొంత పిన్నమ్మే, చేతిలో బుట్ట. "నేనేమన్నా తల్లో పెట్టుకుంటినా నాయనా? కొండ మీద మాత్రం పూలన్నీ సామికే కదా, ఆడ ఆడోళ్ళు తల్లో కూడా పెట్టుకోరు" అనేసింది. ఇంకేం మాట్లాడతాం. మొక్కల సంగతి ఆవులు చూసుకున్నాయి.

అన్నీ పోయి మూలన ఒక్క మొక్క మిగిలింది, చిన్నోడు వాళ్ళ తాత ఊరినుంచి తెచ్చి నాటినాడంట. పాలాయన సైకిలాపి అటూ ఇటూ చూసి "ఇది ఎర్రచందనం మాదిరి ఉండాదే" అని ఒక మాట పడేసి బెల్లు కొట్టుకుంటా పోయినాడు.

ఇంక చూస్కోండి. సాయంత్రానికి బాల్కనీలన్నీ ఖాళీ, జనమంతా మలుపులో. ఒకాయన ట్రీగార్డ్ తెచ్చినాడు, ఎదురింటాయన సీసీ కెమెరా వాళ్ళ గేటు మీదనుంచి మొక్క వైపు తిప్పినాడు, ఆవొస్తే పిల్లలు కాదు పెద్దోళ్ళు పరిగెత్తుతా ఉన్నారు. మూడో ఇంటాయన మాత్రం ఎర్రచందనం దొంగల్ని పట్టే టాస్క్‌ఫోర్సోళ్ళొచ్చి వీధందర్నీ వ్యాన్‌లో ఎక్కిస్తారు, పీకేయండి అని ఒకటే గోల. సార్ అందర్నీ కూర్చోబెట్టి, పెంచడం నేరం కాదు, కొట్టాలన్నా తరలించాలన్నా ఫారెస్టు వాళ్ళ పర్మిషన్ కావాల, పైగా చేవ పట్టేదానికి దశాబ్దాలు పడుతుంది అని శేషాచలం అడవుల దగ్గర మొదలుపెట్టి ఓపిగ్గా చెప్పినారు. ఎవరికీ దశాబ్దాలు వినపడలేదు. అయితే కోటి వస్తాదా సార్ అన్నారు.

ఈ లోపల చిత్తూరు నుంచి మా మామ వచ్చినాడు, ఫారెస్టులో చేసి రిటైరైనోడు. మొక్క ముందర వంగి ఒక ఆకు పట్టుకుని లెక్కపెట్టి, "ఎర్రచందనానికి మామూలుగా మూడు రెబ్బలుంటాయి, దీనికి ఐదుండాయి, కానుగ రా ఇది, పళ్ళు తోముకునే కానుగ" అన్నాడు, అదీ గట్టిగా. నేను మామ చెయ్యి పట్టుకుని ఇంట్లోకి లాక్కొచ్చి, టిఫిన్ పెట్టి, మధ్యాహ్నం బస్సుకే ఎక్కించేసినా. మలుపులో ఒక్క కవరు కనపడి ఎన్నాళ్ళయిందో, ఇప్పుడు ఈయనొచ్చి నిజం చెప్తాడా!

మొన్న మీటింగులో వాటాల సంగతి వచ్చింది. అద్దెకుండే వాళ్ళకి ఉందా లేదా అని అరగంట కొట్లాట, చివరికి నీళ్ళు పోసినోళ్ళకే వాటా, రిజిస్టర్‌లో సంతకం పెట్టాల అని తీర్మానం చేసినారు. తెల్లారి చూస్తే మలుపులో బిందెలతో క్యూ, పిన్నమ్మ అందరికంటే ముందర. ఇంతమంది పోస్తే వేరు కుళ్ళి చస్తాదేమోనని బెంగపడి మామకి ఫోన్ చేసినా. "కానుగకేం కాదు లేరా, ఏటి గట్టున నీళ్ళలో కూడా బతుకుతాది" అన్నాడు. ఫోన్ పెట్టేస్తాడనుకుంటే రొంత గొంతు తగ్గించి, "ఒరేయ్, మా వీధి మలుపులో కూడా చెత్త జాస్తిగా ఉండాది, మీ పాలాయన్ని ఒకసారి ఇటు పంపించు" అన్నాడు.