ఏఎస్‌వీ లేని ప్రశ్నపత్రం

ఒక వైద్య కళాశాల లైబ్రరీ. సిస్టమాటిక్ రివ్యూ అంటే ఒక ప్రశ్న మీద అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ వెతికి, కలిపి తూచే పని. దానికి డాక్టర్లతో కూర్చునే లైబ్రేరియన్లకు ముందుగా పరీక్ష పెట్టాలన్నది సరళ ప్రతిపాదన. అక్కడే జుట్టు నెరిసిన మూర్తి గారికి అది నచ్చలేదు.

మూర్తి: రిటైరయ్యే ముందు నాకు హాల్ టికెట్ ఇస్తానంటావు. బాగుందమ్మా.

సరళ: మీ ఒక్కరికే కాదు సార్, నేనూ రాస్తాను. ఇప్పుడు జరుగుతున్నదేంటి? సెర్చ్ చేయడం మీకు ఎంత బాగా వచ్చో అయిదుకి మార్కులు వేసుకోమని ఫారం ఇస్తున్నాం. అందరూ నాలుగు వేసుకుంటారు. అయిదు వేస్తే గొప్పలు పోయినట్టుంటుందని.

మూర్తి: నేనూ నాలుగే వేశాను.

సరళ: చూశారా! కెనడాలో ఇద్దరు పరిశోధకులు కాక్రేన్ అనే సంస్థ వేసే ఇలాంటి రివ్యూల్లోంచి, మెడ్‌లైన్ అనే వైద్య వ్యాసాల డేటాబేస్‌లో చేసిన 63 సెర్చ్‌లు తీసి వరుసవరుసా చదివారు. 2006లో అచ్చయింది. 90.5 శాతం వాటిలో ఏదో ఒక తప్పు దొరికింది. అన్నిటికంటే ఎక్కువగా, పెట్టాల్సిన మెష్ పదం వదిలేయడం. మెష్ అంటే ఆ డేటాబేస్‌లో వ్యాసాలకు తగిలించే విషయ పదాలే కదా. అవే వదిలేశారంటే, వాళ్లూ నాలుగు వేసుకునే రకమే అయ్యుంటారు.

మూర్తి: సరే, నీ పరీక్ష ఎలా ఉంటుంది?

సరళ: తప్పులు దాచిన సెర్చ్ ఒకటి ఇస్తాను. ఒకరి సెర్చ్‌ను ఇంకొకరు దిద్దడానికి ప్రెస్ అని ఆరు అంశాల పట్టిక ఉంది కదా, దాన్ని పట్టుకుని దిద్దాలి. విషయం పాముకాటు. స్నేక్‌బైట్‌ను కలిపి రాసేవాళ్లున్నారు, విడదీసి రాసేవాళ్లున్నారు. విషం ఎక్కడాన్ని కొందరు ఎన్వెనమింగ్ అంటారు, కొందరు ఎన్వెనమేషన్. చివర్లో 'హ్యూమన్స్' ఫిల్టర్ నొక్కి ఇస్తాను. ఇంకా మెష్ పదాలు తగిలించని వ్యాసాలన్నీ దాంతో ఎగిరిపోతాయి. పట్టుకుంటారా లేదా చూస్తాను.

మూర్తి: విరుగుడు మందును ఏమని వెతికావు?

సరళ: మెష్‌లో యాంటీవెనిన్స్. మామూలు పదాల్లో యాంటీవెనమ్, యాంటీవెనిన్.

మూర్తి: మన వార్డులో ఆ మాట ఎవరైనా అనగా విన్నావా? 'ఏఎస్‌వీ ఎన్ని వయల్స్ ఎక్కించారు' అంటారు. మన డాక్టర్లు వ్యాసాల్లో కూడా 'యాంటీ స్నేక్ వెనమ్' అనే రాస్తారు. నీ ప్రశ్నపత్రంలోనే అది లేదు, ఇక కీలో ఎక్కడుంటుంది? ఎవరైనా కలిపితే, అనవసరమైన పదమని మార్కు కోస్తావు.

సరళ: కోసేదాన్నేమో. కలుపుతాను సార్.

మూర్తి: కలుపు. రేపు ఇంకో జబ్బుకు ఇంకో మాట. ఒక పీజీ అమ్మాయి వచ్చి, పాముకాటు చికిత్స మీద అన్నీ కావాలంది. కూర్చోబెట్టి అడిగితే తేలిందేంటంటే, ఏఎస్‌వీ తక్కువ డోసు సరిపోతుందా, ఎక్కువ ఇవ్వాలా అన్నదే ఆమె ప్రశ్న. అరగంట పట్టింది. ఆ అరగంటకు నీ దగ్గర మార్కులున్నాయా?

సరళ: ప్రశ్న సెర్చ్‌లోకి సరిగ్గా దిగిందా అన్నది ప్రెస్‌లో మొదటి అంశమే కదా!

మూర్తి: అది కాగితం మీదికొచ్చిన ప్రశ్న సంగతి. నోట్లోంచి రాబట్టడం సంగతేంటి?

సరళ: అది చూడలేం కాబట్టి మిగతాదీ చూడొద్దంటే ఎలా సార్? జాన్స్ హాప్కిన్స్‌లో ఎలెన్ రోచ్ సంగతి మాకు చెప్పింది మీరే. 2001లో ఆస్తమా ప్రయోగానికి వాలంటీర్‌గా వెళ్లింది. 24 ఏళ్లు, ఆరోగ్యంగా ఉన్న మనిషి. హెక్సామెథోనియం పీల్చి ప్రాణం పోగొట్టుకుంది. ఆ మందుతో ఊపిరితిత్తులు దెబ్బతిన్న సంగతి 1950ల నాటి వ్యాసాల్లో ఉంది. మెడ్‌లైన్‌ను వెతుక్కునే సైటు పబ్‌మెడ్‌లో అప్పట్లో 1966 నుంచి వచ్చిన వ్యాసాలే దొరికేవి.

మూర్తి: అక్కడ వెతుక్కున్నది పరిశోధకుడే, లైబ్రేరియన్ కాదు. మనల్ని పిలవనివాళ్లకు పెట్టలేని పరీక్ష, పిలిస్తే వెళ్లేవాళ్లకు పెడుతున్నావు.

సరళ: మనకేం వచ్చో తెలిస్తే కదా పిలవడానికి! పుస్తకాలు ఇచ్చిపుచ్చుకునేవాళ్లమనే అనుకుంటారు చాలామంది.

మూర్తి: అయితే ఇలా చెయ్యి. పాత రివ్యూ ఒకటి తీసుకో. అందులో చేర్చిన ట్రయల్స్ జాబితా దాచేసి, ప్రశ్న మాత్రం ఇవ్వు. మనవాళ్ల సెర్చ్‌లో ఆ ట్రయల్స్ ఎన్ని పడ్డాయో లెక్కపెట్టు.

సరళ: ఆ పాత రివ్యూ వాళ్లే ఏఎస్‌వీ వదిలేసి ఉంటే? వాళ్లు వదిలేసినవే మనమూ వదిలేస్తే ఫుల్ మార్కులొస్తాయి. పైగా ట్రయల్స్‌తో పాటు సంబంధం లేనివి వేలకొద్దీ పడితే, ఆ శీర్షికలన్నీ చదివేది ఆ పీజీ అమ్మాయే.

మూర్తి: (కాసేపు ఊరుకుని) అదీ నిజమే. అయితే రెండూ పెట్టు. డాక్టర్ వేషం నేను వేస్తాను. సరిగ్గా అడిగినవాళ్లకే డోసు సంగతి బయటపెడతాను.

సరళ: అంటే ఒప్పుకున్నట్టేనా?

మూర్తి: మార్కులు సర్వీస్ బుక్కులోకి ఎక్కవంటేనే.

సరళ: ఎక్కకపోతే ఎవరూ చదివి రారు సార్.

మూర్తి: ఎక్కితే తప్పు చేశామని ఎవరూ ఒప్పుకోరమ్మా.