చేటలో చెరిగిన రిమోట్ కారు

ఆదివారం పొద్దున పెరంబూరులో ఒక మేడ మీద బగ్గీ ఝుయ్‌మని అరుస్తోంది, అంగుళం కదలడం లేదు. పదో వంతు సైజు రిమోట్ కారు, వెనక చక్రాలు రెండే లాగేవి. కొన్నది పిల్లవాడి పుట్టినరోజుకి. రిమోట్ మాత్రం ఇంకా తండ్రి చేతిలోంచి దిగలేదు.

"నాన్నా, చక్రంలో ఏదో లూజుగా ఉంది."

"నీకు తెలీదు, ఉండు."

ఆ 'ఉండు' గంటన్నర నడిచింది. బ్యాటరీ ఫుల్‌గా ఎక్కించారు. కారులోని రిసీవర్‌ని రిమోట్‌తో మళ్ళీ జత కలిపారు. స్పీడ్ కంట్రోలర్ కాలిబ్రేషన్ రెండుసార్లు అయింది. మోటారుకి చెవి ఆనించి వైద్యుడిలా కళ్ళు మూసుకున్నారు. మోటారు ఏ పాపమూ ఎరగదు. పోయిందల్లా ముందురోజు రాత్రి చక్రం విప్పినప్పుడు రాలిన ఒక ఉక్కు పుల్ల. లావు 2 మిల్లీమీటర్లు, పొడవు 10.

ఇరుసుకి అడ్డంగా ఉన్న రంధ్రంలో ఈ పుల్ల దూరుతుంది. దాని కొసలు రెండూ హెక్స్ వెనక గాడిలో కూర్చుంటాయి. హెక్స్ అంటే 12 మిల్లీమీటర్ల ఆరు పలకల బిళ్ళ. దాని మీద చక్రం, చక్రం మీద ఎం4 నట్టు, అంటే 4 మిల్లీమీటర్ల మరది. ఇరుసు తిరిగితే చక్రం తిరగాలంటే మధ్యలో ఉన్న మధ్యవర్తి ఈ పుల్లే. చక్రం లాగగానే హెక్స్ చక్రానికే అంటుకుని వచ్చేస్తుంది. పట్టుకునేది లేక పుల్ల చప్పుడు చేయకుండా జారిపోతుంది.

ఒక పక్క పుల్ల పోతే రెండో చక్రమైనా లాగాలి కదా అంటారా? మోటారు బలాన్ని రెండు ఇరుసులకీ పంచే పళ్ళచక్రాల పెట్టె ఒకటి మధ్యలో ఉంటుంది, గేర్ డిఫరెన్షియల్ అని. దాని ధర్మం అలాంటిది కాదు. అన్నదమ్ముల పంపకంలా రెండు పక్కలకీ సమానంగానే బలం పంచుతుంది. ఒకడు ఏమీ మోయనంటే రెండోవాడికీ దాదాపు ఏమీ ఇవ్వదు. నేలని పట్టుకున్న చక్రం నిలబడిపోతుంది, ఖాళీ ఇరుసు గిర్రున తిరుగుతుంది. కనిపెట్టడానికి గంటన్నర అక్కర్లేదు. బండి వెనక భాగం ఎత్తి ఒక చక్రాన్ని చేత్తో ముందుకు తిప్పితే రెండోది వెనక్కి తిరగాలి. తిరగకపోతే ముందు చూడాల్సింది హెక్స్ వెనక.

పిల్లవాడు చెప్పింది అదే. ఆ సంగతి ఇంట్లో ఎవరూ మళ్ళీ ఎత్తకుండా తండ్రి వెంటనే వెతుకులాట మొదలెట్టారు.

"ఏందిరా అబ్బయా, నేల మీద పొర్లాడతా ఉండావు?" నాయనమ్మది నెల్లూరు. మద్రాసులో నలభై ఏళ్ళున్నా యాస అరగలేదు.

"పుల్ల పోయిందమ్మా."

"అగ్గిపుల్లా?"

వెతకడానికీ ఒక పద్ధతుంది. టార్చి పైనుంచి కొడితే ఏమీ కనపడదు. నేల మీద పడుకోబెట్టి వెలుతురు అడ్డంగా పారేలా పెడితే ఆవగింజకి కూడా బారెడు నీడ వస్తుంది. అంతకంటే ముందు మోటారు డొక్కు చుట్టూ చూడాలి. లోపల అయస్కాంతాలున్నాయి, చిన్న ఉక్కు ముక్కలు వెళ్ళి దానికే అతుక్కుంటాయి. అయస్కాంతం తాడుకి కట్టి ఈడ్చడమూ మంచిదే. కానీ మెరుస్తాయి కదా అని స్టెయిన్‌లెస్ స్క్రూలు వేయించుకున్నవాళ్ళకి అది పనిచేయదు. మామూలుగా దొరికే 304 రకాన్ని అయస్కాంతం పెద్దగా పట్టించుకోదు.

నాయనమ్మ ఇవేవీ వినలేదు. గది మొత్తం ఊడ్చి, దుమ్ము చేటలో పోసి చెరిగింది. బొచ్చు, దుమ్ము ఎగిరిపోయాయి. చేట అడుగున మిగిలినవి: రెండు కందిపప్పు బద్దలు, కిందటి నెల కారులోంచి పోయిన ఈ-క్లిప్పు, సంక్రాంతికి పోయిన, మోటారు పళ్ళచక్రాన్ని బిగించే తల లేని గ్రబ్ స్క్రూ, కోడలి ముక్కుపుడక శీల. పుల్ల మాత్రం లేదు.

"ఇది ఎన్నాళ్ళనుంచి వెతుకుతున్నానో!" అని కోడలు శీల తీసుకుని వెళ్ళిపోయింది. వెతుకులాటలో లాభపడింది ఆవిడ ఒక్కతే.

బోల్టులూ నట్లూ కావాలంటే లింగిచెట్టి వీధికి పోవాలి. ఆదివారం అక్కడ చాలా షట్టర్లు దించే ఉంటాయి, రిమోట్ కార్లు చెడేది ఆదివారమే. కాబట్టి ఇంట్లో ప్రత్యామ్నాయాలు. పిన్నీసు ముక్క సన్నం, గాడిలో ఆడి ఆడి ప్లాస్టిక్ హెక్స్‌ని తినేస్తుంది. మేకు ముక్క మెత్తన. నాలుగు జంపులకి వంగుతుంది, వంగాక ఇరుసులోంచి ఊడిరాదు. పుల్ల కోసం మొదలైన ఖర్చు ఇరుసు దాకా పోతుంది.

సరైనది సైకిల్ షాపులో ఉంది. 14 గేజ్ సైకిల్ చువ్వ లావు సరిగ్గా 2 మిల్లీమీటర్లు, ఉక్కు కూడా గట్టిది. అవతలి చక్రం పుల్ల తీసి వెర్నియర్‌తో కొలుచుకుని మరీ వెళ్ళాలి, అన్ని కంపెనీలకీ 2×10 కాదు. చువ్వ కొసని ముందు ఆకురాయితో నున్నగా అరగదీసి, పదిన్నర దగ్గర కత్తిరించి, మిగతా అర మిల్లీమీటరు అరగదీయాలి. పొడవైతే కొస బయటికి వచ్చి చక్రానికి తగులుతుంది, పొట్టిదైతే గాడి అంచుని కొరుకుతుంది. కత్తిరించేటప్పుడు గుడ్డ చుట్టాలి. చుట్టకపోతే?

టింగ్!

"మళ్ళీ చేట తెమ్మంటావా?" అంది నాయనమ్మ.

చువ్వ పొడుగ్గా ఉంటుంది కాబట్టి రెండో ముక్కకి లోటు లేదు. ఈసారి పుల్లకి చిటికెడు గ్రీజు రాశారు. గ్రీజు పట్టుకుని ఉంటే హెక్స్ ఊడినా పుల్ల జారదు.

సోమవారం దాకా ఆగితే లింగిచెట్టి వీధిలో డోవెల్ పిన్ అని, అంటే ఈ పుల్లనే, అడగడం సులువే. చిక్కంతా పనిలో పనిగా స్క్రూలు కూడా కొందామనుకోవడంలో ఉంది. "ఇంత" అని వేలు చూపిస్తే కొట్టువాడు అతి మర్యాదగా టీ తాగుతాడు. ఎం3, పొడవు 8, స్తంభం తల అలెన్ బోల్టా, గుండ్రటి తల బటన్ హెడ్డా, తల లోపలికి దిగిపోయే సీఎస్‌కేనా చెప్పాలి. అలెన్‌కీ బటన్‌కీ పొడవు తల కింద నుంచి కొలుస్తారు, సీఎస్‌కే అయితే తలతో కలిపి. ఇది తెలియక మోటారుకి పొడుగు బోల్టు బిగిస్తే, అది లోపలికి పోయి తీగచుట్టని గీకుతుంది. పాత అమెరికన్ రిమోట్ కార్లలో 4-40 అనే అంగుళాల లెక్క మరలుంటాయి, చూపుకి ఎం3కి కవలలు. వేళ్ళతో రెండు చుట్లు తిరిగి ఆగితే పానా తీయకండి, తీస్తే మర చస్తుంది. మర వదులవకుండా పూసే నీలం రంగు లాక్‌టైట్ జిగురు లోహంలోకి దిగే స్క్రూకే. ప్లాస్టిక్‌కి తగిలిస్తే పగుళ్ళిస్తుంది. ఇంతా చెప్పి "నాలుగు చాలు" అంటే, ఒక్క కరివేపాకు రెమ్మ అడిగినవాణ్ణి చూసినట్టు చూసి వంద డబ్బా ముందు పెడతాడు.

చువ్వ ముక్కతోనే ఆ ఆదివారం సాయంత్రం బగ్గీ కింద పార్కింగ్‌లోకి దిగింది. పుల్ల పట్టింది, హెక్స్ పట్టింది, బండి బాణంలా లేచింది. ఇంటిల్లిపాదీ చప్పట్లు కొట్టారు. గేటు దాటింది, మలుపు తిరిగింది, వెనక ఎడమ చక్రం మాత్రం మలుపు తిరగకుండా తిన్నగా పోయి వాన నీళ్ళ కాలువలో పడింది.

చక్రాన్ని పట్టుకునే ఎం4 నట్టు నైలాక్ రకం. లోపలి నైలాన్ వలయం మరని కరిచి పట్టుకోవాలి. ఏడెనిమిది సార్లు విప్పి బిగించేసరికి వలయం అరిగి, నట్టు వేళ్ళతోనే చివరిదాకా తిరిగింది. అప్పుడే పారేయాల్సింది. పిల్లవాడు ఆ మాట కూడా పొద్దున్నే అన్నాడు.

నట్టు ఎక్కడ రాలిందో తెలీదు. మెట్ల మీద నుంచి నాయనమ్మ దిగుతోంది, చంకలో చేట.