పొరుగావిడకు విరిగిన పిడి

ఆంగ్ల వాక్యాలలో అన్యాయానికి గురైన అమాయకుల కోసం ఇంతవరకు ఎవరూ ఒక్క సంతాప తీర్మానమైనా చేయకపోవడం మిక్కిలి శోచనీయం. ‘షి రిటర్న్డ్ ది అంబ్రెల్లా టు ది నైబర్ విత్ ఎ బ్రోకెన్ హ్యాండిల్’ అన్న వాక్యాన్నే తీసుకుందాం. గొడుగు అరువిచ్చిన పాపానికి ఆ పొరుగావిడకే పిడి విరిగింది. అసలు విరిగిన గొడుగు మాత్రం నిర్దోషిగా చేతులు మారింది. ఆంగ్లంలో ‘విత్ ఎ బ్రోకెన్ హ్యాండిల్’ లాంటి మాడిఫయర్‌కు, అంటే మరో పదాన్ని వర్ణించే పదబంధానికి, విభక్తి ప్రత్యయం ఉండదు గనుక తనవారెవరో గుర్తుపట్టే మార్గం లేక, పక్కన ఎవరుంటే వారినే పట్టుకుని వేలాడుతుంది. దానిని తీసుకెళ్లి ‘అంబ్రెల్లా’ పక్కన కూర్చోబెడితే చాలు, ఆవిడకు విముక్తి.

‘అర్థమైంది కదా, ఇంకేం కావాలి’ అనే పెద్దలున్నారు. అర్థమైన మాట నిజమే, కాకపోతే నవ్వు ఆగిన తరువాత అర్థమైంది.

జరిపినా ప్రయోజనం లేని కేసులూ ఉన్నాయి. ‘వాకింగ్ ఇంటు ది రూమ్, ది క్లాక్ స్ట్రక్ నైన్’ అని రాసినవారు గడియారానికి కాళ్లు ప్రసాదించారు. నడిచిన మనిషే వాక్యంలో లేనప్పుడు ఏ పదాన్ని ఎటు జరిపి ఏం లాభం? ‘నేను గదిలోకి వస్తుంటే గడియారం తొమ్మిది కొట్టింది’ అంటాం గానీ, ‘గదిలోకి వస్తూ గడియారం తొమ్మిది కొట్టింది’ అని మనలో పసివాడు కూడా అనడు. కర్త ఒక్కరే అయితే ‘తూ’, ఇద్దరైతే ‘తుంటే’ అని ఏ వ్యాకరణమూ చదవకుండానే మన నాలుకకు తెలుసు. అటువంటి మనమే ఆంగ్లంలో అడుగుపెట్టగానే రెండింటినీ ‘ఇంగ్’ అనే ఒకే గాటన కట్టేస్తాం. వాక్యం మొదట్లో నిలబడ్డ ఆ ‘ఇంగ్’ చేయగలిగింది ‘తూ’ పని మాత్రమే. మనసులో ‘తుంటే’ వినిపించిన చోట ‘యాజ్ ఐ వాక్డ్ ఇంటు ది రూమ్’ అని నడిచినవారిని వాక్యంలోకి పిలవవలసిందే.

ఇక ‘ఓన్లీ’. మన ‘మాత్రమే’ తన ముందున్న పదాన్ని పట్టుకుని కదలదు. ఇది వాక్యమంతా బలాదూరుగా తిరుగుతుంది, నిలిచిన ప్రతిచోటా ఒక కొత్త అర్థం చెబుతుంది. ఒక సభలో వక్తలందరిలోకీ ఒక పెద్దాయన ప్రసంగమే నాకు నచ్చింది. ఆ ముక్కే చెప్పాలనుకుని, ‘యువర్ స్పీచ్’ ముందు పెట్టవలసిన ‘ఓన్లీ’ని వాక్యానికి అగ్రాసనం మీద కూర్చోబెట్టి, ‘ఓన్లీ ఐ లైక్డ్ యువర్ స్పీచ్’ అని సందేశం పంపాను. ఆయన కాసేపటికి, ‘మిగతావాళ్లు ఏమనుకున్నారో మీకెలా తెలిసింది?’ అని అడిగారు.