పుట్టినప్పుడు బరువెంత?

నలభై నిండకుండానే షుగర్ వచ్చిందని ఎవరైనా చెబితే మనం అడిగేవి మూడే: అన్నం ఎంత తింటావు, రోజూ నడుస్తావా, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా? పుట్టినప్పుడు ఎన్ని కిలోలున్నావని డాక్టర్లు కూడా పెద్దగా అడగరు. అడగాలని నా వాదన.

ఇంగ్లండ్‌లోని హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లో 1911 నుంచి మంత్రసానులు, నర్సులు పసిబిడ్డల బరువులు రిజిస్టర్లలో రాసిపెట్టారు. బ్రిటిష్ వైద్య పరిశోధకుడు డేవిడ్ బార్కర్ బృందం ఆ పాత పుస్తకాలను తిరగేసింది. పుట్టినప్పుడూ, ఏడాది వయసులోనూ బరువు తక్కువున్న మగవాళ్లే పెద్దయ్యాక గుండెజబ్బుతో ఎక్కువగా చనిపోయారని 1989లో ప్రకటించింది. అప్పట్లో చాలామంది నమ్మలేదు.

కడుపులో పోషణ చాలకపోతే పిండం ముందు మెదడును కాపాడుకుంటుంది. కోత పడేది కండరాలకు, కాలేయానికి, ఇన్సులిన్ తయారుచేసే క్లోమానికి, కిడ్నీలకు. కిడ్నీలో రక్తాన్ని వడకట్టే నెఫ్రాన్లు నెలలు నిండేలోపే తయారైపోతాయి, ఆ తర్వాత కొత్తవి రావు. తక్కువ నెఫ్రాన్లతో పుట్టినవాళ్లు వాటితోనే జీవితాంతం నెట్టుకురావాలి. బీపీ ముప్పుకు ఇదొక దారి.

మన బిడ్డల విషయంలో ఇంకో చిక్కుంది. పుణె కేఈఎం ఆస్పత్రి డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ చుట్టుపక్కల పల్లెల్లో పుట్టిన పిల్లలను ఇంగ్లండ్ పిల్లలతో పోల్చి చూశారు. అక్కడ సగటు మూడున్నర కిలోలు, ఇక్కడ 2.7. కానీ మనవాళ్లకు తగ్గింది ఎక్కువగా కండే; చర్మం కింది కొవ్వు అంతగా తగ్గలేదు. చూడ్డానికి బక్క, లోపల కొవ్వు. ఢిల్లీలో 1969–72 మధ్య పుట్టినవాళ్లను పెద్దయ్యేదాకా గమనించిన అధ్యయనమూ ఇలాంటి మాటే చెప్పింది. షుగర్ అంచుకు చేరినవాళ్లు రెండేళ్లదాకా సన్నగా ఉండి, ఆ తర్వాత వయసుకు మించి ఒళ్లు చేస్తూ వచ్చినవాళ్లు. పన్నెండేళ్లకు వాళ్లు ఊబకాయులేమీ కాదు. బక్కగా పుట్టినవాడు బడికెళ్లే వయసులో బొద్దుగా అయితే మనం దిష్టి తీస్తాం!

మరి ఇదంతా నుదుటి రాతేనా? కాదనడానికి హైదరాబాద్ దగ్గరి పల్లెలే సాక్ష్యం. 1987–90 మధ్య కొన్ని ఊళ్లలో అంగన్‌వాడీల ద్వారా గర్భిణులకు, బాలింతలకు, ఆరేళ్లలోపు పిల్లలకు మొక్కజొన్న, సోయా కలిపిన ఉప్మా పెట్టారు. పక్క ఊళ్లకు ఆ పథకం అప్పటికింకా అందలేదు. ఆ పిల్లలకు 13–18 ఏళ్లు వచ్చాక పరీక్షిస్తే, ఉప్మా అందిన ఊళ్లవాళ్లు పక్క ఊళ్లవాళ్లకంటే సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ పొడవున్నారు. వాళ్లలో ఇన్సులిన్ బాగా పనిచేస్తోంది, రక్తనాళాల బిరుసు తక్కువ, కొవ్వు మాత్రం పెరగలేదు. అంగన్‌వాడీ భోజనాన్ని ఓట్ల పథకమని తీసిపారేసేవాళ్లు ఈ లెక్క చూడాలి.

అయితే దీన్ని తల్లి మీద నేరంగా మోపితే అంతకంటే అన్యాయం లేదు. బిడ్డ ఎదుగుదల ఆగడానికి గర్భంలో వచ్చే బీపీ, మాయ లోపం, రక్తహీనత, చిన్న వయసు కాన్పు, ఇంట్లో మగవాళ్ల బీడీ పొగ ఇలా ఎన్నో కారణాలు. పైగా ‘ఎక్కువ తింటే బిడ్డ పెద్దదై కాన్పు కష్టమవుతుంది’ అని కంచం ముందే ఆపే పెద్దలు ఇప్పటికీ ఉన్నారు. రెండున్నర కిలోలకు తగ్గిన ప్రతి బిడ్డకూ జబ్బు రాసిపెట్టి లేదు, ముప్పు కొంత ఎక్కువ, అంతే. అలాంటివాళ్లకు బీపీ, షుగర్ పరీక్షలు కాస్త ముందుగా మొదలుపెడితే నష్టమేముంది?

ఆ బరువు తల్లీబిడ్డల కార్డు మీద ఉంటుంది. టీకాలు అయిపోగానే చాలా ఇళ్లలో ఆ కార్డు పాత కాగితాల్లో కలిసిపోతుంది.