ఆ గోలలో ఏముందిరా అంటే...

ఇంట్లో హెవీ మెటల్ పాటలు, అంటే గిటార్లు, డ్రమ్ములు దద్దరిల్లే రాక్ సంగీతం, పెడితే మా నాయన అనే మాట ఒకటే, "ఏందిరా ఆ గోల, తగ్గించు." ఆయన చీమకుర్తి గ్రానైట్ క్వారీలో పనిచేసేవాడు. పొద్దుగూకేదాకా డ్రిల్లింగ్ మిషన్ల మోతలో ఉండి ఒంగోలుకు వచ్చిన మనిషికి గిటార్ మోత కూడా కావాలా అంటే, పాపం, ఆయన్ను తప్పుపట్టలేను. కానీ ఈ సంగీతం పుట్టిందే అలాంటి మోతలోంచి అని అప్పట్లో ఆయనకు చెప్పడం నాకు చేతకాలేదు.

ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ ఫ్యాక్టరీల ఊరు. 1968లో అక్కడ బ్లాక్ సబ్బాత్ అనే మెటల్ బ్యాండ్ మొదలుపెట్టిన నలుగురూ పనిచేసుకుని బతికే ఇళ్ల పిల్లలే. గిటారిస్టు టోనీ అయోమీ పదిహేడేళ్లప్పుడు రేకుల ఫ్యాక్టరీలో మిషన్ కింద కుడిచేతి రెండు వేళ్ల కొసలు పోగొట్టుకున్నాడు. ఆయనది ఎడమచేతి వాటం, అంటే తీగలు నొక్కాల్సిన చెయ్యే దెబ్బతింది. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నాడు, సన్న తీగలు వేసుకున్నాడు, కొన్నాళ్లకు శ్రుతి కూడా బాగా దించాడు. తీగ వదులైతే నొక్కడం తేలిక, పైగా నాదం బరువెక్కుతుంది. ఇవాళ్టికీ మెటల్ అంటే చెవికి తగిలేది ఆ బరువే.

ఇంకో సంగతి, ఇది నాకు భలే ఇష్టం. మెటల్‌లో ఎక్కువగా వినిపించే పవర్ కార్డ్ అంటే షడ్జమం (స), పంచమం (ప) కలిపి మోగించడం, అంతే. మన తంబురా మీటేదీ ఆ రెండే. మధ్యలో గాంధారం (గ) పెట్టరు, ఎందుకంటే డిస్టార్షన్‌లో, అంటే గిటార్ నాదాన్ని కావాలని గరగరలాడించినప్పుడు, అది కలిస్తే నాదం బురదబురదగా అయిపోతుంది. 1970లో వచ్చిన బ్లాక్ సబ్బాత్ మొదటి ఆల్బమ్‌లో మొదటి పాట షడ్జమం మీద నుంచి ప్రతిమధ్యమానికి (పంచమానికి ముందుండే మ) పోతుంది. ఆ దూరం వింటే పడమటివాళ్లకు దయ్యం గుర్తొస్తుందట! మనకైతే 72 మేళకర్త రాగాల్లో సగం ప్రతిమధ్యమంవే, కల్యాణి కూడా అందులోదే.

మరి ఇది వింటే పిల్లలు కోపిష్టులవుతారా? 2015లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌ల్యాండ్ యూనివర్సిటీ వాళ్లు ఇలాంటి సంగీతం వినే 39 మందికి ముందు కోపం తెప్పించి, తర్వాత సగం మందిని వాళ్లకిష్టమైన పాటలు విననిచ్చి, మిగతావాళ్లను ఊరికే కూర్చోబెట్టారు. పాటలు విన్నవాళ్లకు కోపం పెరగలేదు, ఊరికే కూర్చున్నవాళ్లలాగే చిరాకు, స్ట్రెస్ తగ్గాయి. 39 మంది అంటే చిన్న లెక్కే, అందరూ ఫ్యాన్సే, కాబట్టి అలవాటు లేని పక్కింటాయనకు కూడా పనిచేస్తుందని నేను అనను.

నా మటుకు నాకు కోపం సంగతి అసలు రెండోది. మన ఊళ్లలో జాతరకైనా చావుకైనా డప్పును మంట మీద కాచి, తోలు బిగిశాక, గుండెలో దడ పుట్టేలా కొడతారు. అప్పుడు ఎవరూ గోల అనరు, ఒళ్లు దానంతటదే ఊగుతుంది. మెటల్ కచేరీలో స్టేజీ ముందు కుర్రాళ్లు ఒకరినొకరు గుద్దుకునే మాష్ పిట్ కూడా దూరం నుంచి కొట్లాటలాగే ఉంటుంది, కానీ ఎవడైనా కిందపడితే చుట్టూ ఉన్నవాళ్లు ఆగి లేపుతారు, అది అక్కడి మర్యాద. (ఏది అసలైన మెటల్ అని ఫ్యాన్స్ పెట్టుకునే తగాదాల్లో మాత్రం ఈ మర్యాద కనపడదు.)

కష్టమల్లా ఒంగోలులోనో నెల్లూరులోనో ఉండి దీన్ని ఇష్టపడటం. పెద్ద బ్యాండ్లు, 2007లో ఐరన్ మెయిడెన్ వచ్చినా, 2011లో మెటాలికా వచ్చినా బెంగళూరు పోవాల్సిందే. హైదరాబాద్‌లో గాడ్‌లెస్ లాంటి డెత్ మెటల్ (మెటల్‌లో ఇంకా మోటు రకం) బ్యాండ్ ఉందని చెబితే ఇక్కడ నమ్మేవాళ్లు తక్కువ. అందుకే నల్ల టీషర్టు మీద బ్యాండ్ పేరుతో ఎవరైనా బస్టాండులో ఎదురైతే సొంత బావమరిది కనపడినంత సంబరం.

మొన్న మా నాయన వరండాలో కూర్చుని ఉంటే సౌండ్ తగ్గించకుండానే ఒక పాట పెట్టాను. డబుల్ బేస్ డ్రమ్ములు, అంటే ఒక్కడే రెండు కాళ్లతో కొట్టే పెద్ద డ్రమ్ములు, దడదడలాడుతున్నాయి. కాసేపు విని అడిగాడు, "కొట్టేది ఒకడేనా, ఇద్దరా?"